పెత్రమాస నాడు పిల్లిపెసర

కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి మనిషికీ కొన్నాళ్లపాటు ఆ ఆఫీసును తానే మోస్తున్నానన్న నమ్మకం ఉంటుంది. ఆ రోజుల్లో నాకు ఆ నమ్మకం కాస్త ఎక్కువ మోతాదులోనే ఉండేది. వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు, వయసు ఇరవై రెండు, మెడలో ఐడీ కార్డు. ఆ కార్డుతోనే బస్సెక్కేదాన్ని, ఆ కార్డుతోనే అన్నం తినేదాన్ని. (ఒకసారి ఒక ముసలాయన నన్ను చూడగానే లేచి, కరెంటు మీటరు ఇంటి వెనక గోడకు ఉందని దారి చూపించాడు.) మాది దోమకొండ పక్క పల్లె. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నేల సంగతి నాకు తెలుసనీ, చదువుకున్నదాన్ని కాబట్టి మిగతా వాళ్లకు తెలియదనీ అనుకునేదాన్ని. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే పొద్దున, నాలుగైదు గంటల వ్యవధిలో ఊడిపోయాయి. ఇప్పుడు చెప్పబోయేది ఆ పొద్దు సంగతే.

మా సంస్థ చాలా చిన్నది. కామారెడ్డిలో రెండు గదుల ఆఫీసు, ఒక పాత జీపు, ఒక పెద్దసారు. పొలం పక్కన అడవి పూల మొక్కలు పెంచితే తేనెటీగలు చేరతాయనీ, అవి చేరితే కాకర, దోస లాంటి పంటలు బాగా కాస్తాయనీ రైతులకు చేసి చూపించడం మా పని. ఆ పూల మొక్కలన్నిట్లోకీ పెద్దసారుకు ప్రాణం పిల్లిపెసర. పెసర చేనుకు అది పేద చుట్టం లాంటిది. నేల మీద పాకుతుంది, మూడు రెక్కల ఆకు, చిటికెన గోరంత పసుపు పువ్వు, సన్నటి కాయ. ఒక్క వానకాలంలో మొలిచి, పూసి, గింజ రాల్చి పోతుంది. మన నేలల్లో ఎప్పటినుంచో తన బతుకు తాను బతుకుతున్న మొక్క. రైతులు దాన్ని నేలకు బలమని కలియదున్నుతారు, లేదంటే బర్రెలకు మేతగా వేస్తారు. పువ్వు కోసం దాన్ని పెంచినవాళ్లను నేనైతే అప్పటిదాకా చూడలేదు. ఆ మొదటి మనిషి నేనే కావాలని పెద్దసారు నిర్ణయించి, కిలో గింజల సంచి నా చేతికిచ్చి ఎల్లారెడ్డి పంపాడు. నా కాంట్రాక్టు దసరా వరకే. తర్వాత ఉండేదీ లేనిదీ ఈ మడిని బట్టే ఉంటుందని కూడా మెత్తగానే చెప్పాడు.

ఎల్లారెడ్డిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అక్కడికి నాలుగు కిలోమీటర్లలో ఒక పల్లె. అందులో కాకరకాయ బాపు అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆ పేరు కాకర పందిళ్ల వల్ల వచ్చిందో, మాట తీరు వల్ల వచ్చిందో ఊళ్లో రెండు రకాలుగా చెప్పేవారు. ఎలాగో బతిమాలి ఆయన పందిరి పక్కన పది గుంటల జాగా అడిగి తీసుకున్నాను. మక్కజొన్న వేసుకోవాల్సిన నేలలో ఈ పిల్ల గడ్డి పెంచుతానంటే ఎట్లా ఇచ్చినవని ఆయన దాయాదులు నవ్వారట. బాపు వాళ్లకేం చెప్పాడో తెలియదు గాని, నాకు మాత్రం దసరా దాకా చూస్తాననీ, నలుగురికీ చూపించదగ్గట్టు ఉంటే సరే, లేకపోతే దున్ని చలికాలం యాసంగి పంటకు శనగ వేసుకుంటాననీ చెప్పాడు. అంటే నా నౌకరి, ఆయన పరువు ఒకే పది గుంటల్లో పడ్డాయి.

మొదటి వానకు గింజ చల్లాను. ఎనిమిది రోజులకు ఇరవై మూడు మొక్కలు మొలిచాయి. (లెక్క ఎలా తెలుసంటే, రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎంచేదాన్ని.) వాననూ పిట్టలనూ గింజ ఇచ్చినవాళ్లనూ వరుసగా తిట్టుకుంటున్నప్పుడు బాపు భార్య, మేమంతా అవ్వ అని పిలిచే ఆమె, సంచిలోంచి ఒక గింజ తీసి పంటి కింద పెట్టుకుంది. దీని తోలు గట్టిది, నీళ్లు లోపలికి పోవట్లేదు, తోలు గీకితే గాని మొలవదని తేల్చింది. మిగిలిన గింజల్ని గరుకు ఇసుకతో కలిపి గోనెపట్టా మీద పోసి అరచేత్తో రుద్దింది. ఆ రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టింది. రెండోసారి చల్లిన నాలుగో నాటికి మడి అంతా పచ్చటి చుక్కలు. నేను ఆ వారం రిపోర్టులో 'శాస్త్రీయ పద్ధతిలో విత్తన శుద్ధి జరిపాను' అని రాశాను. అవ్వ పేరు రాయాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

పిల్లిపెసరతో పాటు ఎవరూ చల్లకుండానే గునుగు మొలిచింది, కట్ల పూల మొక్కలు మొలిచాయి. గునుగు పీకాలా అని అవ్వ అడిగితే, తీరిక దొరికితే పీకెయ్ అవ్వా, మనకు కావాల్సింది పిల్లిపెసరే అని చెప్పాను. ఆమెకు తీరిక దొరకలేదు. శ్రావణం పోయేసరికి గునుగు నడుమెత్తు పెరిగి తెల్లటి కుచ్చులు వేసింది. మధ్యలో నీలంగా కట్లపూలు, కింద ఎవరికీ కనపడకుండా పిల్లిపెసర. పెద్దసారు ఒకసారి వచ్చి చూసి మురిసిపోయాడు. ఫోటోకు నిలబడేది గునుగే, దాన్ని ముట్టుకోవద్దు అన్నాడు. సరేనన్నాను. ఆ మాట అవ్వకు చెప్పాలని మాత్రం నాకు తోచలేదు. ఆఫీసు నిర్ణయాలు ఆఫీసు వాళ్ల మధ్యనే ఉండాలని అనుకున్నానేమో.

మా పనికి డబ్బు సాయం చేసే వాళ్ల తరఫున ఒక మేడం హైదరాబాదు నుంచి మడి చూడడానికి వస్తారని కబురొచ్చింది. మొక్కల శాస్త్రం చెప్పి రిటైరైన పెద్దావిడ. ఆమెకు కుదిరే రోజు ఒక్కటే, అది అమావాస్య. అంటే పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలయ్యే రోజు. పండుగ సాయంత్రం కదా, మనం పొద్దున్నే చూసి వద్దాం అన్నాడు పెద్దసారు. నేను పుట్టి పెరిగింది బతుకమ్మ ఆడే ఊళ్లో. ఆ పండుగకు ముందు ఎవరి గట్టు మీద గునుగు ఉందో వెతికి, గోడ దూకి కోసిన చేతులు నావి. అలాంటిదాన్ని, ఆ తేదీ విని డైరీలో రాసుకున్నానే తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

ఆ పొద్దున ఆరున్నరకు ఎల్లారెడ్డిలో ఆటో ఎక్కాను. దారి పొడవునా ఆడపిల్లలు గంపల నిండా గునుగు పూలతో ఎదురయ్యారు. పండుగ కళ అంటే ఇదే కదా అనిపించి నవ్వుతూ చేయి కూడా ఊపాను. వాళ్లూ నవ్వుతూ ఊపారు. ఇద్దరు ముగ్గురు మరీ ఎక్కువ చనువుగా నవ్వినట్టు అనిపించింది గాని, నా కార్డు మహిమ అనుకున్నాను.

మడి దగ్గర ఆటో దిగి చూస్తే గునుగు లేదు. కట్లపువ్వు లేదు. నిన్న సాయంత్రం నడుమెత్తు ఉన్న తోట చీలమండ ఎత్తుకు దిగిపోయింది. తెగిన కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటి కింద పిల్లిపెసర, నలిగిన ఆకుల మధ్య అక్కడక్కడా పసుపు చుక్కలు. గట్టు మీద అవ్వ చేతిలో కట్టె పట్టుకొని కూర్చుని ఉంది. నన్ను చూసి, చెప్పుకోదగ్గ పని చేసిన మనిషిలా లేచి నిలబడింది.

“పిల్లిపెసర ఒక్క తీగ తెగనియ్యలే బిడ్డ. చీకట్ల వచ్చిన్రు అందరు. గునుగు కోసుకపోండ్రి గాని కింది తీగ తొక్కితే కాళ్లిరగ్గొడ్త అని కట్టె పట్టుకొని గీడ్నే కూసున్న.”

జేబులో ఫోన్ మోగింది. పెద్దసారు. భిక్నూర్ దగ్గర చాయ్ తాగుతున్నాం, మేడం చాలా హుషారుగా ఉన్నారు, గునుగుల మధ్య నిలబడి ఫోటో దిగాలంటున్నారు అన్నాడు. రండి సార్, అంతా తయారుగా ఉంది అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు దానంతట అదే అనేసింది. ఫోన్ పెట్టేశాక నా భయమంతా తిరిగి అవ్వ మీద పడింది.

“ఎవర్ని అడిగి కోయించినవ్? చదువు లేనోళ్లు తెలియకపోతే ఊకోవాలె. నా నౌకరి తీసినవ్ నువ్వు.”

అవ్వ మొహంలో ఏదీ మారలేదు. కట్టెను గట్టుకు ఆనించింది. పిల్లిపెసరే మనకు కావాల్సిందని నువ్వే కదా అన్నవని ఆమె అనవచ్చు. ఆమె ఆ మాట అనలేదు. కాసేపు మడి వైపు చూసి, “ఎన్ని పూలు గావాలె?” అని అడిగింది.

భిక్నూర్ నుంచి కామారెడ్డి, అక్కడ టిఫిన్, అక్కడినుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి. ఎంత లాగినా రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటల్లో మేము చేసిన పనిని మా ఊళ్లో చెబితే, పిల్లకు ఏదో సోకిందని మా అమ్మ నాకు దిష్టి తీసేది. ఇల్లిల్లూ తిరిగి, పండుగ పూట, బతుకమ్మ కోసం కోసుకొచ్చిన పూలను వెనక్కి అడిగాం. అడిగింది అవ్వ. నేను కార్డు చున్నీ కింద దాచుకొని వెనకాల గంప పట్టుకొని నిలబడ్డాను. కొందరు గంపలోంచి తలా ఒక కట్ట తీసిచ్చారు. కొందరు అప్పటికే ఆకు దూసేసి కాడలు సమంగా కత్తిరించారు. ఒక ఇంట్లో గునుగు మొత్తం రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టారు, గులాబి రంగుది ఒక వరుస, ఆకుపచ్చది ఒక వరుస. తెల్లవి లేవు, కావాలంటే ఇవి తీసుకపొమ్మన్నారు. పెళ్లయ్యాక మొదటి బతుకమ్మకు పుట్టింటికి వచ్చిన పిల్ల ఒకతె ఇవ్వనంటే ఇవ్వనని గడపలో అడ్డం నిలబడింది. అవ్వ ఆమెను ఏమీ అనకుండా తన ఇంటికి పోయి, తను బతుకమ్మ పేర్చే తాంబాలం పక్కన పెట్టుకున్న గంప తెచ్చి మొత్తం నా గంపలో బోర్లించింది. నేను వద్దనాలి. వద్దనలేదు. టైమెంతయిందో చూసుకున్నాను.

మడి దగ్గర బాపు ఉన్నాడు. సంగతి అవ్వ రెండు మాటల్లో చెప్పింది. ఆయన పందిరి గుంజల దగ్గర్నుంచి గునపం తెచ్చి, తడి నేలలో వరసగా బొక్కలు పొడవడం మొదలుపెట్టాడు. వెనకాల నేను ఒక్కో బొక్కలో ఒక్కో గునుగు కాడ పెట్టి మట్టి అదిమాను. అవ్వ రంగు గునుగులను ఏరి వెనక వరసలో, పందిరి నీడలో పడేలా సర్దింది. పెద్దసారు ఫోన్ చేసి లింగంపేట దాటామన్నాడు. గునుగు వాడిపోయే పువ్వు కాదు గనుక నిలబడింది. కట్లపూలు మాత్రం అప్పుడే తల వాల్చాయి. ఇంకో భయం కూడా ఉంది. పిల్లిపెసర పువ్వు పొద్దున విచ్చుకొని, ఎండ ముదిరితే ముడుచుకుంటుంది. వాళ్లు ఆలస్యం చేస్తే అదీ ఉండదు. త్వరగా వస్తే నా నాట్లు పూర్తి కావు. వాళ్లు త్వరగా రావాలో ఆలస్యంగా రావాలో కూడా నేను తేల్చుకోలేకపోయాను.

పదింటికి జీపు వచ్చి ఆగింది. మేడం సన్నగా, తెల్లటి జుట్టుతో, కాళ్లకు బూట్లతో దిగారు. పెద్దసారు చేయి చాపి మడిని చూపించి, ఇదంతా నేల స్వభావం మేడం, మేము చేసిందేమీ లేదు అన్నాడు. (ఆయన మటుకు చేసిందేమీ లేదన్నది నిజమే.) దూరం నుంచి చూస్తే నిజంగానే బాగుంది. మేడం కూడా తల ఊపారు. కాని ఆమె దూరం నుంచి చూసే మనిషి కాదు. గట్టు దిగి మెల్లగా వరసల మధ్య నడిచారు. నేను ఆమెకూ వెనక వరసకూ మధ్య నిలబడాలని చూశాను. ఆమె నన్ను పక్కకు తప్పించుకొని వెళ్లి, కళ్లద్దాలు సర్దుకొని, నెమ్మదిగా అడిగారు.

“ఇక్కడ గునుగు గులాబి రంగులో కూడా పూస్తుందా?”

పెద్దసారు ఆ రంగు చూడలేదు. చూడకుండానే, నేల గుణం మేడం అన్నాడు.

“ఆకు లేకుండానా?” అంటూ ఆమె రెండు వేళ్లతో ఆ కాడను పట్టుకున్నారు. లాగలేదు, పట్టుకున్నారంతే. కాడ ఆమె చేతిలోకి వచ్చేసింది. కొస సమంగా కత్తిరించి ఉంది, కొంచెం గులాబి రంగు ఆమె వేళ్లకు అంటింది.

పెద్దసారు నా వైపు చూశాడు. బాపు గునపాన్ని మెల్లగా వీపు వెనక్కి తీసుకున్నాడు. నేను నోరు తెరిచే లోపే గట్టు మీంచి అవ్వ గొంతు వినిపించింది.

“నేనే కొయ్యమన్నమ్మ. పండుగ పూలని ఇచ్చిన. పిల్ల తప్పేం లేదు, దానికి తెల్వది.”

పొద్దున నేను ఆమెను ఏమన్నానో నాకు గుర్తుంది. ఆమెకూ గుర్తుండి ఉంటుంది. నేను, లేదు మేడం, తప్పు నాదే, గునుగు ఉంచాలని అవ్వకు చెప్పలేదు, ఈ పూలన్నీ ఊళ్లోంచి తెచ్చి గుచ్చాం అని చెప్పేశాను. మేడం ఆ కాడను పక్కన పెట్టి అక్కడే నేల మీద గొంతుక్కూర్చున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఆమె ఏం చూస్తున్నారో నాకు మొదట అర్థం కాలేదు. కింద పిల్లిపెసర మీద ఒక నల్లటి తుమ్మెద వాలింది. ఆ బరువుకు పువ్వు వంగింది. తుమ్మెద దాని రెక్క తొక్కి, లోపలికి తల దూర్చి, లేచి పక్క పువ్వు మీదికి పోయింది. దాని వెనక చిన్న తేనెటీగలు, ఒకటి కాదు, నాలుగైదు. మూడు నెలలుగా ఆ మడి చుట్టూ తిరిగిన నేను, గునుగు ఎత్తు కొలుస్తూ, ఒక్కసారి కూడా అలా కూర్చుని చూడలేదు.

మేడం తలెత్తకుండానే, దీని గింజ మొలవడం చాలా కష్టం కదా, ఇంత ఒత్తుగా ఎట్లా మొలిపించారు అని అడిగారు. అడిగింది నన్ను. జవాబు చెప్పింది అవ్వ. గరుకు ఇసుక, గోనెపట్టా, గోరువెచ్చని నీళ్లు, ఎంతసేపు రుద్దాలి, తోలు ఎట్లా కనపడితే ఆపాలి, అన్నీ చెప్పింది. మేడం సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. అవ్వ పేరు అడిగి అదీ రాసుకున్నారు. తర్వాత నా వైపు చూసి, రిపోర్టులో వేరేగా చదివినట్టు గుర్తు అన్నారు. అంతే అన్నారు. ఆ క్షణంలో నేను కూడా ఆ గునుగు కాడ లాగా వేళ్లతో పట్టుకుంటే ఊడివచ్చేదాన్నే.

పదకొండు దాటాక పసుపు పూలు ఒక్కటొక్కటే ముడుచుకున్నాయి. మేడం లేచి బట్టలు దులుపుకొని, ఈ పూలు ఎవరివి వాళ్లకు పొద్దుగూకకముందే ఇచ్చెయ్యండి అన్నారు. ఆమె కూడా వంగి కాడలు పీకారు. పెద్దసారు పీకాడు. బాపు ఒక చేత్తో పీకుతూ, తన యాభై ఏళ్ల వ్యవసాయంలో పొద్దున నాటి మధ్యాహ్నానికి కోసిన పంట ఇదొక్కటేనని ఎవరితోనూ కాకుండా అన్నాడు. మేడం గట్టిగా నవ్వారు. పెద్దసారు నవ్వాలా వద్దా అని చూసి, ఆమె నవ్వారు గనుక నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, అప్పటికి.

పూలు ఎవరివి వాళ్లకు ఇవ్వడానికి అవ్వ గంపతో ఊళ్లోకి పోయింది. నన్ను జీపులో కామారెడ్డి తీసుకుపోయారు. దారంతా పెద్దసారు అద్దంలోంచి బయటికే చూశాడు. ఆఫీసు ముందు దిగాక, రిపోర్టు మళ్లీ రాయి, ఎవరు చేసింది వాళ్ల పేరు పెట్టి రాయి అన్నాడు. నా కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పెరిగింది. నా తెలివి చూసి కాదు. ఆ గింజ ఏరించి మరో మూడు ఊళ్లలో చల్లించమని మేడం అడిగారట, ఆ మడి తెలిసిన మనిషి నేనొక్కదాన్నే ఉన్నాను. బాపు సగం జాగాలో శనగ వేశాడు. మిగతా సగం అలాగే వదిలాడు. అడిగిన దాయాదులకు, పట్నం నుంచి వచ్చి కింద కూర్చుని మరీ చూసిపోయారని చెప్పేవాడట.

సద్దుల బతుకమ్మతో పండుగ ముగిసిన రెండో నాడు నేను ఆ ఊరు పోయాను. పోయింది కాయ ఏరించడానికే గాని, లోపల ఇంకో పని ఉంది. అవ్వకు చెప్పాల్సిన మాటను బస్సులో పదిసార్లు మార్చి మార్చి కూర్చుకున్నాను. పిల్లిపెసర కాయ నల్లబడ్డాక మంచు ఆరకముందే ఏరాలి, ఎండ తగిలితే మెలిపడి టప్పున పేలి గింజ చిమ్ముతుంది. అందుకని అవ్వ నన్ను చూడగానే మాట్లాడే సందు ఇవ్వకుండా చేతికి సంచి ఇచ్చి వంగమంది. ఇద్దరం పక్కపక్కన రెండు గంటలు ఏరాం. పొద్దెక్కి కాయలు అక్కడక్కడా పేలడం మొదలయ్యాక నడుము ఎత్తి, ధైర్యం చేసి అడిగాను.

“అవ్వా, ఆ పొద్దు నేను నిన్నన్న మాట...”

“ఏ మాట బిడ్డ?” అంది అవ్వ, వంగి ఏరుతూనే.

నిజంగా మరిచిపోయిందో, నన్ను కాపాడడానికి మరిచిపోయినట్టు అందో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆమెకు గుర్తు లేకపోతే ఆ మాటను మళ్లీ నా నోటితో అని గుర్తు చేయాలి. చేయాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడేసరికి ఆమె అవతలి మూలకు పోయింది, ఇంకా ఏరాల్సింది చాలా ఉందని అక్కణ్నుంచి పిలిచింది. పోయి వంగాను.

ఆ తర్వాత చాలా ఊళ్లలో చాలా మళ్లు వేశాను. ఆ పొద్దు గుర్తొచ్చినప్పుడల్లా, కత్తిరించిన పూలను నేలలో గుచ్చి అవి నాటిన మొక్కలని నమ్మించబోయిన ఆ పిల్ల కనపడుతుంది. చున్నీ కింద కార్డు, గోళ్లలో మట్టి, వెనక వరసలో గులాబి గునుగు. నవ్వుకుంటాను. గట్టు మీద కట్టె పట్టుకొని, మెచ్చుకుంటానని నాకోసం ఎదురుచూస్తూ కూర్చున్న అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు పోదు గాని, మెల్లబడుతుంది.